దవడ గడ్డ ముక్క మీ బల్ల మీదకి వచ్చినప్పుడు

ఇంజెక్షన్ మందు అయిపోయిన చిన్న సీసా. మూతి చిటికెనవేలు కూడా పట్టనంత. దవడలోంచి తీసిన ముక్కను అందులోకి కుక్కి, పైన సెలైన్ పోసి, మూత చుట్టూ ప్లాస్టర్ అంటించి పంపారు. బాల్‌పెన్నుతో రాసిన పేరు సగం చెరిగిపోయింది. శనివారం సాయంత్రం కొరియర్లో బయల్దేరిన ఆ సీసా సోమవారం మధ్యాహ్నానికి మా ల్యాబుకి చేరింది. జతగా వచ్చిన చీటీలో ఒక్కటే మాట: కింది దవడ వాపు, ఐహెచ్‌సీ చేసి ఇది ఎంత ఉధృతంగా పెరుగుతుందో చెప్పగలరు.

ఐహెచ్‌సీ అంటే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, యాంటీబాడీతో ముక్కలోని ప్రొటీన్‌కు రంగు పట్టించి చూసే పరీక్ష. కానీ ఆ ముక్క అప్పటికే చివికిపోయింది. కణాల పొరలు కరిగి, కేంద్రకాలు వెలిసిపోయి ఉన్నాయి. దాని మీద ఎంత ఖరీదైన యాంటీబాడీ వేసినా వచ్చే రంగుకు అర్థం ఉండదు. డాక్టరుగారికి ఫోన్ చేసి మళ్లీ ముక్క తీయమని అడగాల్సి వచ్చింది. అంటే ఆ ముక్క ఇచ్చిన అమ్మాయి నోట్లో రెండోసారి కత్తి పడింది. ఇరవై ఏళ్లకు పైగా ఓరల్ పాథాలజీ ల్యాబులో పనిచేశాను, ఇలాంటి సీసాలు ఎన్నో చూశాను. కొత్తగా చేరిన టెక్నీషియన్లకీ, ఎండీఎస్ చదువుతున్న పీజీలకీ, చిన్న ఊళ్లలో బయాప్సీలు తీసే డెంటల్ డాక్టర్లకీ చెప్పాలనుకున్నవన్నీ ఆ సీసాతోనే మొదలవుతాయి.

ఆ డాక్టరుగారు అడిగిన ప్రశ్నలో తప్పేమీ లేదు. దవడలో వచ్చే గడ్డల్లో పంటి పుట్టుకకు సంబంధించిన కణాల నుంచి వచ్చేవి ఒక పెద్ద జాతి. వాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్లు కావు. కానీ అన్నీ ఒకేలా ప్రవర్తించవు. అమెలోబ్లాస్టోమానే తీసుకోండి. మామూలుగా అది ఊపిరితిత్తులకో కాలేయానికో పాకదు. ఉన్నచోటే ఎముకను లోపల్నుంచి తొలుచుకుంటూ పోతుంది. ఐదింట నాలుగు కింది దవడలోనే వస్తాయి, అందులోనూ వెనక దంతాల వైపు. నొప్పి ఉండదు కాబట్టి ముఖం ఒక పక్కకు ఉబ్బేదాకా మనిషి పట్టించుకోడు. ఎక్స్‌రేలో కనిపించే గీత దగ్గరే గడ్డ ఆగిపోదు, ఆ గీత దాటి ఎముక సందుల్లోకి చొచ్చుకుని ఉంటుంది. అందుకే గోకి తీసేస్తే మళ్లీ వస్తుంది. అందుకే సర్జన్ చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల మంచి ఎముకను కూడా కలిపి కోయాలని చూస్తాడు. పాతికేళ్ల మనిషికి అది సగం దవడ పోవడమే కావచ్చు. కోత ఎంత పెట్టాలో తేల్చుకోవడానికి ఇంకో ఆధారం దొరుకుతుందేమోనని సర్జన్ ల్యాబు వైపు చూడడం సహజం.

నిరపాయకరం అనే మాట ఇలాంటి గడ్డ విషయంలో నాకు నచ్చదు. ఒక ఆటో డ్రైవర్‌కి ఎక్కడో గడ్డ గోకి తీసేసి, క్యాన్సర్ కాదు, ఇక భయం లేదు అని పంపించేశారట. తొమ్మిదేళ్ల తర్వాత అతను మా దగ్గరికి వచ్చేసరికి దవడ కిందంచు పెంకులా మిగిలింది. "క్యాన్సర్ కాదన్నారు కదమ్మా, మళ్లీ ఎందుకు చూపించుకుంటాను?" అన్నాడు. అతని తప్పేముంది? క్యాన్సర్ కాదు అన్న మాట వెంటనే ఏడాదికోసారి ఎక్స్‌రే, అదీ పదేళ్లు దాటినా ఆపకూడదు అన్న మాట కూడా చెప్పి ఉండాల్సింది.

ఇక పని సంగతి. ప్రొటీన్ గురించి అడగాలంటే ముందు ఆ ప్రొటీన్ ముక్కలో మిగిలి ఉండాలి. కణజాలం ఒంట్లోంచి బయటికొచ్చిన క్షణం నుంచి పాడవడం మొదలవుతుంది. దాన్ని ఆపేది ఫార్మలిన్. బజార్లో దొరికే ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లకు 900 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే పది శాతం ద్రావణం వస్తుంది. అక్కడితో ఆగితే చాలదు. ఉత్త నీళ్లతో కలిపింది నిలవ ఉన్నకొద్దీ పులుస్తుంది, ఆమ్లం పెరుగుతుంది. లీటరుకు 4 గ్రాముల సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, 6.5 గ్రాముల డైసోడియం ఫాస్ఫేట్ కలిపితే పీహెచ్ ఏడు దగ్గర నిలుస్తుంది. ఖర్చు అతి తక్కువ. అయినా చాలాచోట్ల కలపరు. ముక్క పరిమాణానికి కనీసం పదింతలు, వీలైతే ఇరవయ్యింతలు ద్రావణం ఉండాలి. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి దిగుతుంది, కాబట్టి పెద్ద ముక్కను అలాగే ముంచితే పైపొర గట్టిపడుతుంది, నడిమి భాగం కుళ్లుతుంది. రిసెక్షన్ చేసిన దవడ వస్తే అదే రోజు రంపంతో కోసి, పలకల మధ్య నుంచి ద్రావణం పోయేలా చూడాలి. రేపు చూద్దాం అనుకున్న దవడ మీద రేపు చేసే ఐహెచ్‌సీ నమ్మదగ్గది కాదు. ముక్క పరిమాణాన్ని బట్టి ఒకటి నుంచి మూడు రోజులు నానితే చాలు. వారాల తరబడి వదిలేస్తే ప్రొటీన్లు ఒకదానికొకటి అల్లుకుపోయి యాంటీబాడీకి చోటివ్వవు.

మామూలు పాథాలజీ ల్యాబులో లేని చిక్కు మనకు ఇంకొకటుంది. ఎముక. కాల్షియం తీసేయకపోతే మైక్రోటోమ్ బ్లేడు దిగదు. తీయడానికి ఎక్కువగా ఆమ్లమే వాడతారు. అదే ఆమ్లం ప్రొటీన్లనూ డీఎన్‌ఏనూ తినేస్తుంది. రిపోర్టు తొందరగా ఇవ్వాలని నైట్రిక్ యాసిడ్‌లో వేసి మర్చిపోయిన ముక్క మీద, విభజనలో ఉన్న కణాలను చూపే కెఐ-67 చేస్తే కణాలు విభజన చెందుతున్నా స్లైడు ఖాళీగా కనిపిస్తుంది. విభజన తక్కువ అని రిపోర్టు వెళ్లిపోతుంది. ఆ ఖాళీ గడ్డ స్వభావం వల్ల వచ్చింది కాదు, మన ఆమ్లం వల్ల వచ్చింది.

అందుకని నా దగ్గర చేరిన ప్రతి టెక్నీషియన్‌కీ మొదటి వారంలోనే ఒక అలవాటు నేర్పేదాన్ని. దవడ ముక్కలు వచ్చినప్పుడు అన్నిటినీ కలిపి ఆమ్లంలో పోయకండి. ట్రేలో పరిచి, ఫోర్సెప్స్‌తో తాకి చూడండి. గోకి తీసిన ముక్కల్లో మెత్తనివి తప్పకుండా ఉంటాయి. వాటిని ఏరి, విడిగా ఇంకో క్యాసెట్‌లో వేసి, ఆమ్లం తగలకుండా నేరుగా ప్రాసెసింగ్‌కి పంపండి. గట్టివే ఆమ్లానికి వెళ్లాలి. ఐదు నిమిషాల పని ఇది. ఐహెచ్‌సీకైనా, తర్వాత ఎప్పుడైనా జన్యు పరీక్షకైనా పనికొచ్చేది ఆ మెత్తటి ముక్కల బ్లాకే. మొత్తం ఎముకే అయితే ఈడీటీఏ వాడండి. పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య ఉంచి, రెండు మూడు రోజులకోసారి మారుస్తూ పోవాలి. వారాలు పడుతుంది, ఓపిక కావాలి. అంత సమయం లేకపోతే ఫార్మిక్ యాసిడ్ మధ్యే మార్గం. ఏది వాడినా దాని పేరు, వేసిన గంట, తీసిన గంట రిజిస్టర్లో రాయండి. ఐదేళ్ల తర్వాత ఎవరో పీజీ ఆ బ్లాకును థీసిస్ కోసం బయటికి తీసినప్పుడు, రంగు ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి ఆ ఒక్క గీతే దిక్కు.

ఐహెచ్‌సీ పద్ధతి గురించి కొంచెం చరిత్ర తెలిస్తే పని మీద గౌరవం పెరుగుతుంది. యాంటీబాడీకి వెలిగే రంగు అతికించి కణజాలంలో తన జత ఎక్కడుందో చూపించిన మొదటి మనిషి ఆల్బర్ట్ కూన్స్, 1941లో. ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే దారిని 1975లో కోలర్, మిల్‌స్టీన్ చూపించారు. 1984లో వారికి నోబెల్ వచ్చింది. కానీ ఫార్మలిన్‌లో నానిన ముక్కల్లో చాలా ప్రొటీన్లు దొరికేవి కావు. 1991లో స్లైడును మైక్రోవేవ్‌లో ఉడికిస్తే దాగిన ప్రొటీన్ బయటపడుతుందని కనిపెట్టాక మన బీరువాల్లో ఉన్న పాత బ్లాకులన్నిటికీ ప్రాణం వచ్చింది. మనం రోజూ పలికే కెఐ-67 పేరు జర్మనీలోని కీల్ నగరం నుంచి వచ్చింది. 1983లో అక్కడ తయారైన యాంటీబాడీ, ప్లేటులో దాని గుంట నంబరు 67.

ఉడికించడం దగ్గరే దవడ స్లైడ్లు మనల్ని ఏడిపిస్తాయి. ఎముక ఉన్న కోత గాజును గట్టిగా పట్టుకోదు. మరిగే బఫర్‌లో ఊడి తేలుతుంది. చార్జ్ ఉన్న స్లైడ్లే వాడండి, కోతలు మూడు నాలుగు మైక్రాన్లకు మించనీయకండి, అంటించాక రాత్రంతా 56 నుంచి 60 డిగ్రీల దగ్గర ఆరనివ్వండి. అప్పటికీ ఊడుతుంటే మరిగించడం మానేసి, బఫర్‌లో ఉంచి 60 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేయండి. నెమ్మదిగా జరిగే పని, కానీ కోత నిలుస్తుంది. రక్తం నిండిన ముక్కలు మనకు ఎక్కువగా వస్తాయి, వాటిలో ఉండే పెరాక్సిడేజ్ తానే గోధుమరంగు తెచ్చేస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ మెట్టును ఎప్పుడూ దాటేయకండి.

కంట్రోల్ స్లైడ్ లేకుండా ఐహెచ్‌సీ చేయకండి. కెఐ-67కి టాన్సిల్ ముక్క ఉంటే చాలు, దాని జెర్మినల్ సెంటర్లు నిండుగా పట్టాలి. అది పట్టకపోతే రోగి స్లైడు ఖాళీగా ఉందని చెప్పే హక్కు మనకు లేదు. ఇంకో మాట. దవడ ముక్కను ఆమ్లంలో ఎన్ని గంటలు ఉంచారో కంట్రోల్ టాన్సిల్‌నీ అన్నే గంటలు ఉంచి చూడండి. మీ ఆమ్లం ముక్కలోని ప్రొటీన్‌ను ఎంత దెబ్బతీస్తోందో కళ్లారా తెలుస్తుంది. ఏడాదికి రెండుసార్లయినా ఈ పరీక్ష చేసుకున్న ల్యాబు రిపోర్టును నేను నమ్ముతాను.

రంగు చక్కగా వచ్చిందనుకుందాం. ఇప్పుడు చదవాలి. పీజీలు ఎక్కువ తడబడేది ఇక్కడే.

కెఐ-67 విభజనలో ఉన్న కణాల్లో ఉంటుంది, విశ్రాంతిలో ఉన్నవాటిలో ఉండదు. కనీసం వెయ్యి కణాలు లెక్కపెట్టండి. ఎక్కడ లెక్కపెట్టారో రాయండి, బాగా పట్టిన చోటే ఏరుకున్నారా, అన్నిచోట్లా చూసి సగటు తీశారా. ఈ రెండు పద్ధతుల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఒడాంటోజెనిక్ కెరటోసిస్ట్ లైనింగ్‌లో పట్టిన కణాలు ఎక్కువగా అట్టడుగు వరుసకు పై వరుసల్లో కనిపిస్తాయి. మామూలు డెంటిజెరస్ సిస్ట్‌లో అంత కనిపించవు. ఇది పనికొచ్చే తేడా. కానీ కోత ఏటవాలుగా పడితే కింది వరుసలే వెడల్పుగా పరుచుకుని అంకె ఊరికే పెరుగుతుంది. చీము పట్టి వాచిన లైనింగ్‌లోనూ పెరుగుతుంది. వాపు ఉన్న చోటు వదిలేసి లెక్కపెట్టండి, వదిలేశామని రాయండి.

అమెలోబ్లాస్టోమాలో ఆ అంకె సాధారణంగా తక్కువే ఉంటుంది. చదువుకునే పిల్లలకు ఇది ఆశ్చర్యం. ఇంత ఎముకను మింగే గడ్డలో విభజన ఇంత తక్కువా? దాని బలం వేగంలో లేదు. గడ్డ కణాలు ర్యాంకెల్ వంటి ప్రొటీన్లతో మన ఒంట్లో ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్‌లను పిలిపించుకుంటాయి, ఎంఎంపీ ఎంజైములతో చుట్టూ ఉన్న జాలాన్ని తెంపుకుంటూ దారి చేసుకుంటాయి. కాబట్టి కెఐ-67 తక్కువ అని చూసి చిన్న ఆపరేషన్ చాలని సర్జన్‌కి సూచిస్తే అది పెద్ద పొరపాటు.

పీ53 అనే ప్రొటీన్ విషయంలో ఇంకా జాగ్రత్త. కెరటోసిస్ట్‌లో, అమెలోబ్లాస్టోమాలో అక్కడక్కడా పీ53 పట్టిన కణాలు కనిపిస్తాయి. జన్యువులో ఏ మార్పూ లేకపోయినా ఆ ప్రొటీన్ నిలవ పడి రంగు తెస్తుంది. దాన్ని చూసి క్యాన్సర్‌గా మారుతోందని రాస్తే ఒక కుటుంబానికి నిద్ర కరువవుతుంది.

2014లో ఈ రంగంలో పెద్ద మలుపు వచ్చింది. కింది దవడ అమెలోబ్లాస్టోమాల్లో చాలావాటిలో బీ-రాఫ్ జన్యువులో వీ600ఈ అనే మార్పు ఉందని, పై దవడ వాటిలో ఎస్‌ఎంఓ జన్యువులో మార్పు ఎక్కువని ఆ ఏడాది వచ్చిన పరిశోధనలు చూపించాయి. మెలనోమా అనే చర్మ క్యాన్సర్లో కనిపించేదీ ఈ వీ600ఈ మార్పే. ప్రొటీన్‌లో 600వ స్థానంలో ఉండాల్సిన వాలీన్ పోయి గ్లుటామిక్ ఆమ్లం వచ్చి కూర్చుంటుంది, కణాన్ని పెరగమనే స్విచ్చు ఇక ఆరదు. వీఈ1 అనే యాంటీబాడీ ఈ మారిన ప్రొటీన్‌నే పట్టుకుంటుంది. చిన్న బయాప్సీలో లైనింగ్ మాత్రమే దొరికి, ఇది మామూలు సిస్టా, యూనిసిస్టిక్ అమెలోబ్లాస్టోమానా అని తేలనప్పుడు వీఈ1 రంగు పడితే తీర్పు అమెలోబ్లాస్టోమా వైపు బలంగా మొగ్గుతుంది. పడకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. ఆపరేషన్‌కి లొంగని, పదేపదే వచ్చిన గడ్డల్లో ఈ మారిన ప్రొటీన్‌ను అడ్డుకునే డాబ్రాఫెనిబ్ వంటి మందులు వాడి చూస్తున్నారు కాబట్టి అలాంటి కేసుల్లో ఈ ఫలితం వైద్యానికీ పనికొస్తుంది. కానీ క్యాన్సర్ రూపమైన అమెలోబ్లాస్టిక్ కార్సినోమాలోనూ ఇదే మార్పు ఉండొచ్చు. రెంటినీ వేరుచేయడానికి వీఈ1 పనికిరాదు. అది కణాల రూపం చూసే తేల్చాలి.

అమెలోబ్లాస్టోమా పక్కన ఇంకో గడ్డను పెట్టి చూడండి. అడినోమటాయిడ్ ఒడాంటోజెనిక్ ట్యూమర్. ఎక్కువగా పదుల వయసు ఆడపిల్లల్లో, పై కోరపన్ను చుట్టూ వస్తుంది. తీసేస్తే దాదాపు ఎప్పుడూ తిరిగి రాదు. ఇంత సాధువైన గడ్డలో చాలాసార్లు కేరాస్ జన్యువులో మార్పు ఉంటుంది. క్లోమ క్యాన్సర్లో భయపెట్టే పేరే అది. ఒకే పేరు రెండు చోట్ల రెండు రకాల నడవడి. అందుకే గడ్డ ఎలా ప్రవర్తిస్తుందన్న ప్రశ్నకు జవాబు ఒక్క స్లైడు నుంచి రాయొద్దని పదేపదే చెబుతాను. ఎక్స్‌రే, సీటీ, వయసు, చోటు, హెచ్ అండ్ ఈ స్లైడు, వాటి పక్కన ఐహెచ్‌సీ. ఈ వరుస మారకూడదు.

కొన్నిసార్లు యాంటీబాడీ పెట్టె తెరవకముందే రక్తపరీక్ష అడగాలి. దవడలో జెయింట్ సెల్స్ నిండిన గడ్డ వచ్చిందంటే సెంట్రల్ జెయింట్ సెల్ గ్రాన్యులోమా కావచ్చు, పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం వల్ల వచ్చే బ్రౌన్ ట్యూమర్ కావచ్చు. మైక్రోస్కోపు కింద రెండూ ఒకేలా ఉంటాయి. కెఐ-67 చెప్పలేదు. సీరం కాల్షియం, పీటీహెచ్ చెబుతాయి. బ్రౌన్ ట్యూమర్ అయితే కోయాల్సింది దవడను కాదు, వైద్యం చేయాల్సింది మెడలోని గ్రంథికి. సర్జన్‌కి ఫోన్ చేసి ఈ రెండు పరీక్షలు అడగడానికి మొహమాటపడకండి.

రిపోర్టు రాసేటప్పుడు అంకెను ఒంటరిగా వదలకండి. యాంటీబాడీ క్లోన్ పేరు, కంట్రోల్ సరిగ్గా పట్టిందా, ముక్కకు ఆమ్లం తగిలిందా, ఎక్కడ లెక్కపెట్టారు, ఇవన్నీ రెండు మూడు పంక్తుల్లో సరిపోతాయి. ఆమ్లం తగిలిన ముక్క ఖాళీగా వస్తే, నెగటివ్ అని రాసి ఊరుకోకుండా, ఆమ్లం వల్ల ఫలితాన్ని నమ్మలేం అని రాయండి. మీ హెచ్‌ఓడీకి ఆ వాక్యం నచ్చకపోవచ్చు. అయినా రాయండి.

పీజీలకు థీసిస్ గురించి ఒక సలహా. ఏ యాంటీబాడీ దొరుకుతుందో చూసి అంశం ఎంచుకోవడం మన కాలేజీల్లో అలవాటైంది. ఆ దారిలో వెళితే ఇప్పటికే వందసార్లు చేసిన పనే మళ్లీ చేస్తారు. ముందు ప్రశ్న రాసుకోండి. మీ కాలేజీలో పదేళ్ల క్రితం ఆపరేషన్ అయిన అమెలోబ్లాస్టోమా రోగుల్లో ఎవరికి తిరిగి వచ్చిందో ఫోన్ చేసి కనుక్కోండి, నైతిక కమిటీ అనుమతి తీసుకుని. ఆ వివరం ఉన్న ఇరవై బ్లాకులు, ఏ వివరమూ లేని నూరు బ్లాకులకన్నా విలువైనవి. పాత వ్యాసాలు వెతికేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. కెరటోసిస్ట్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ట్యూమర్ అని పేరు మార్చి, 2017లో మళ్లీ సిస్ట్‌ల్లోకి చేర్చింది. రెండు పేర్లతోనూ వెతక్కపోతే ఆ పన్నెండేళ్ల సాహిత్యం మీకు దొరకదు.

టెక్నీషియన్ల ఒంటి గురించి కూడా చెప్పాలి. ఫార్మల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి గ్రూపులో చేర్చింది. కిటికీ తీసి చేస్తున్నాం కదా అనుకోకండి. గ్రాసింగ్ బల్లకు గాలి లాగే ఫ్యాన్ అడగడం మీ హక్కు. స్లైడు మీద గోధుమరంగు తెచ్చే డీఏబీని చేతి తొడుగుల్లేకుండా ముట్టుకోకండి, మిగిలిన దాన్ని సింకులో పోయకండి, అందులో బ్లీచింగ్ ద్రావణం కలపకండి. వాడిన బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకే వెళ్లాలి, 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాలు అదే చెబుతున్నాయి.

చివరగా, ఊళ్లలో ప్రాక్టీస్ చేస్తున్న డెంటల్ డాక్టర్లకు. అరలో వెడల్పు మూతి సీసాలు నాలుగు, బఫర్ కలిపిన ఫార్మలిన్ ఒక లీటరు పెట్టుకోండి. సీసాకు అంటించిన కాగితం మీద పేరు, వయసు, తేదీ పెన్సిల్‌తో రాయండి, ఫార్మలిన్ తగిలినా పెన్సిల్ రాత చెరగదు. మూత మీద రాయకండి, మూతలు మారిపోతాయి. ఎక్స్‌రే ఫొటోను ల్యాబుకి వాట్సాప్‌లో పంపండి. బయాప్సీ తీసే ముందు రోజు ఒకసారి ల్యాబుకి ఫోన్ చేయండి. ఎక్కడ తీయాలో, ఎంత తీయాలో, ఎలా పంపాలో అవతల ఉన్నవాళ్లు చెబుతారు.